ఎరిక్ కార్ల్

ఎరిక్ కార్ల్ (జూన్ 25, 1929 - మే 23, 2021) బడి ఈడుకు రాని పసిపిల్లల కోసం బొమ్మల పుస్తకాలు రచించిన అమెరికన్ రచయిత, చిత్రకారుడు. 1969లో వెలువడిన 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' (బాగా ఆకలిగొన్న గొంగళిపురుగు) ఈయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ పుస్తకం 60కి పైగా భాషలలోకి అనువాదమై, 5 కోట్లకు మించిన ప్రతులు అమ్ముడుపోయింది. ఈయన బొమ్మలు వేసిన పుస్తకాలు 70కి పైగా ఉన్నాయి. వాటిలో అధికభాగానికి కథ కూడా ఈయనే సమకూర్చాడు.

రంగులు పూసిన పలుచని కాగితాలను కత్తిరించి అతికించే చిత్రపద్ధతి, చిల్లులు, మడతలు, వేలికి తగిలే ఉబ్బెత్తు గీతలు గల పుటలు ఈయన పుస్తకాల ప్రత్యేకతలు. మొదటిసారి ఇల్లు విడిచి బడిలో అడుగుపెట్టే పిల్లవాని బెరుకును తగ్గించడం తన పుస్తకాల ముఖ్యోద్దేశమని ఈయన పలుమార్లు చెప్పాడు. ఆ ఉద్దేశానికి మూలాలు ఈయన బాల్యంలోనే ఉన్నాయి.

బాల్యం

ఎరిక్ కార్ల్ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి పేరు ఎరిక్, తల్లి పేరు యొహన్నా. తండ్రి బట్టలు ఉతికే యంత్రాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేసేవాడు. సెలవు దొరికినప్పుడల్లా కుమారుని వెంటబెట్టుకొని పొలాలకు, అడవులకు వెళ్ళేవాడు. రాతిని పైకెత్తి, చెట్టు బెరడును తొలగించి, వాటి క్రింద నివసించే చిన్నచిన్న ప్రాణులను చూపించేవాడు. అవి ఎలా బ్రతుకుతాయో వివరించి, తరువాత ఆ ప్రాణిని తిరిగి దాని చోటనే జాగ్రత్తగా ఉంచేవాడు. కార్ల్ పుస్తకాలలో గొంగళిపురుగు, సాలీడు, కీచురాయి, మిణుగురు, పెంకుపురుగు వంటి అల్పప్రాణులే నాయకులు కావడానికి ఈ నడకలే కారణం. ఆ ప్రాణుల గురించి రాస్తూ తాను తన తండ్రిని గౌరవించుకుంటున్నానని ఈయన చెప్పేవాడు.

సిరక్యూస్‌లోని బడి ఈయనకు జీవితాంతం గుర్తుండిపోయింది. వెలుతురు నిండిన గది, పెద్దపెద్ద కాగితాలు, లావుపాటి కుంచెలు, రకరకాల రంగులు ఆ బడి జ్ఞాపకాలు. అక్కడి ఉపాధ్యాయిని తల్లిని పిలిపించి, ఈ పిల్లవానికి చిత్రలేఖనంలో ప్రజ్ఞ ఉన్నదని, దానిని ప్రోత్సహించవలసినదని చెప్పింది.

జర్మనీలో జీవితం

తల్లికి స్వదేశంపై బెంగ కలగడంతో 1935లో ఈ కుటుంబం జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి తిరిగి వెళ్ళింది. అప్పుడు ఎరిక్ వయసు 6 సంవత్సరాలు. అప్పటికి జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చి రెండేళ్ళయింది. క్రొత్త బడిలో గదులు ఇరుకు, నియమాలు కఠినం. మొదటి రోజులలోనే ఉపాధ్యాయుడు ఈయన అరచేతులపై బెత్తంతో కొట్టాడు. అంతవరకు ఇష్టంగా వెళ్ళిన బడి ఆ తరువాత ఈయనకు భయకారణమైంది. రెండు దేశాల మధ్య వంతెన కట్టి, అమెరికాలోని తన ఇంటికి నడచిపోవాలని ఆ వయసులో కలలు కనేవాడినని ఈయన అనంతరకాలంలో గుర్తు చేసుకున్నాడు.

1939లో రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభం కాగానే తండ్రిని సైన్యంలోకి తీసుకున్నారు. ఆయన యుద్ధాంతంలో సోవియట్ సేనలకు బందీగా చిక్కి, 1947 చివరలో మాత్రమే ఇల్లు చేరాడు. అప్పటికి ఆయన బరువు సుమారు 85 పౌన్లు, అనగా 40 కిలోలకు లోపు. అడవిలో పురుగులను చూపించిన ఉల్లాసవంతుడైన మనిషి శరీరం, మనసు రెండూ చితికి తిరిగివచ్చాడు. ఎరిక్‌కు 15 ఏళ్ళ వయసులో జర్మన్ ప్రభుత్వం ఇతర బాలురతో పాటు ఈయనను కూడా పశ్చిమ సరిహద్దులోని సీగ్‌ఫ్రీడ్ రక్షణరేఖ వద్ద కందకాలు త్రవ్వడానికి పంపింది.

యుద్ధకాలపు జర్మనీలో రంగులు కరువయ్యాయని ఈయన చెప్పేవాడు. విమానదాడుల భయం చేత ఇళ్ళకు బూడిద, ఆకుపచ్చ, గోధుమ వన్నెల రంగులు పూసి మభ్యపెట్టేవారు. దుస్తులు సైతం వెలసిన రంగులలో ఉండేవి. పెద్దయిన తరువాత ఈయన చిత్రాలలో కనిపించే ప్రకాశవంతమైన రంగులు ఆ బూడిద రంగుకు సమాధానమని చెప్పవచ్చును.

ఈ చీకటి కాలంలో ఈయనకు మేలు చేసినవాడు చిత్రలేఖనం నేర్పిన ఉపాధ్యాయుడు ఫ్రిడోలిన్ క్రౌస్. నాజీ ప్రభుత్వం ఆధునిక చిత్రకళను 'పతనమైన కళ' అని నిందించి, 1937లో మ్యూనిక్‌లో అటువంటి చిత్రాలను అవహేళన చేస్తూ ప్రదర్శన కూడా నిర్వహించింది. అటువంటి కళను దగ్గర ఉంచుకోవడం, బోధించడం ప్రమాదకరమైన పని. అయినప్పటికీ క్రౌస్ తన శిష్యుని ఇంటికి పిలిచి, పికాసో, మాటిస్, పాల్ క్లే, ఫ్రాంజ్ మార్క్ మొదలైనవారి చిత్రాల ప్రతులను రహస్యంగా చూపించాడు. వాస్తవాన్ని ఉన్నదున్నట్లు చిత్రించే పద్ధతి తప్ప మరొకటి ఎరుగని బాలునికి గుర్రం నీలిరంగులో ఉండవచ్చునని అప్పుడే తెలిసింది. సుమారు 70 సంవత్సరాల తరువాత, 2011లో, ఈయన 'ది ఆర్టిస్ట్ హూ పెయింటెడ్ ఎ బ్లూ హార్స్' (నీలిగుర్రం గీసిన చిత్రకారుడు) అనే పుస్తకాన్ని ఫ్రాంజ్ మార్క్ స్మృతిలో వెలువరించాడు. అందులో గుర్రం నీలం, మొసలి ఎరుపు, ఆవు పసుపు. పిల్లలు వేసే బొమ్మలలో 'తప్పు రంగు' అనేది లేదన్నదే ఆ పుస్తకం సారాంశం.

యుద్ధానంతరం ఈయన స్టుట్‌గార్ట్ లలితకళల అకాడమీలో ఎర్నెస్ట్ ష్నైడ్లర్ వద్ద అక్షరరచన, ముద్రణకళ అభ్యసించి 1950లో పట్టభద్రుడయ్యాడు.

తిరిగి అమెరికాకు

1952లో, 22 ఏళ్ళ వయసులో, జేబులో 40 డాలర్లతో కార్ల్ న్యూయార్క్ చేరుకున్నాడు. అప్పటికే పేరుపొందిన చిత్రకారుడు లియో లియోనీ సహాయంతో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రచార విభాగంలో రూపకల్పన ఉద్యోగం దొరికింది. కొద్దికాలానికే, కొరియా యుద్ధసమయంలో, అమెరికా సైన్యంలోకి ఈయనను తీసుకున్నారు. చిత్రమేమనగా, సైన్యం ఈయనను జర్మనీకే పంపి తపాలా విభాగంలో నియమించింది. సైనికసేవ ముగిసిన తరువాత తిరిగి టైమ్స్ పత్రికలో పనిచేసి, అనంతరం ఒక ప్రకటనల సంస్థలో కళాదర్శకునిగా అనేక సంవత్సరాలు గడిపాడు.

బొమ్మల పుస్తకాలలోకి ఈయన రాక అనుకోకుండా జరిగింది. ఒక ప్రకటన కోసం ఈయన కాగితపు ముక్కలతో రూపొందించిన ఎర్రని లాబ్‌స్టర్ (పెద్ద గోళ్ళు గల సముద్రపు రొయ్య) బొమ్మ విద్యావేత్త, రచయిత బిల్ మార్టిన్ జూనియర్ కంటపడింది. ఆయన తన పుస్తకానికి బొమ్మలు వేయవలసిందిగా కార్ల్‌ను కోరాడు. ఆ విధంగా 1967లో 'బ్రౌన్ బేర్, బ్రౌన్ బేర్, వాట్ డు యు సీ?' వెలువడింది. ప్రతి జంతువును ఏమి కనిపిస్తున్నదని అడగడం, అది మరొక జంతువును చూపడం ఇందులోని అల్లిక. పుట త్రిప్పకముందే తరువాత ఏమి రానున్నదో ఊహించే అవకాశం పిల్లలకు దొరుకుతుంది. ఈ బొమ్మలు వేస్తున్నప్పుడు సిరక్యూస్ బడిలోని పెద్ద కాగితాలు, లావుపాటి కుంచెలు తనకు మరల జ్ఞాపకం వచ్చాయని ఈయన చెప్పాడు. మరుసటి సంవత్సరం, 1968లో, తన సొంత రచన '1, 2, 3 టు ది జూ' ప్రచురితమైంది. జంతువులను ఎక్కించుకొని పోయే రైలు ద్వారా అంకెలు నేర్పే ఈ పుస్తకంలో దాదాపు మాటలే లేవు.

ఆకలిగొన్న గొంగళిపురుగు

ఈ పుస్తకం ఆలోచన కాగితాలకు రంధ్రాలు వేసే చిన్న పనిముట్టు నుండి పుట్టింది. ఒకరోజు కాగితాల దొంతరకు రంధ్రాలు వేస్తూ ఉండగా, పుస్తకాన్ని తొలిచే పురుగు ఈయన ఊహలోకి వచ్చింది. మొదట 'విల్లీ పురుగుతో ఒక వారం' అనే అర్థం వచ్చే పేరుతో కథ సిద్ధం చేశాడు. అయితే సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు పురుగు అంతగా నచ్చలేదు. గొంగళిపురుగు అయితే ఎలా ఉంటుందని ఆమె అడగగానే, 'సీతాకోకచిలుక!' అని కార్ల్ బదులు పలికాడు. ఆ ఒక్క మాటతో కథకు ముగింపు దొరికింది.

కథ చాలా చిన్నది. ఆదివారం ఉదయం గ్రుడ్డు నుండి వెలువడిన గొంగళిపురుగు ఆహారం కోసం బయలుదేరుతుంది. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరీపండ్లు, బుధవారం మూడు ప్లమ్ పండ్లు, గురువారం నాలుగు స్ట్రాబెర్రీలు, శుక్రవారం ఐదు నారింజలు తింటుంది. శనివారం కేకు, ఐస్‌క్రీమ్, ఊరగాయ, చీజ్, పుచ్చకాయ మొదలైన పది రకాల పదార్థాలు తిని కడుపునొప్పి తెచ్చుకుంటుంది. మరునాడు ఒక పచ్చని ఆకు తినగానే నెమ్మదిస్తుంది. తరువాత గూడు కట్టుకొని, రెండు వారాలకు పైగా అందులో ఉండి, సీతాకోకచిలుకగా బయటకు వస్తుంది.

మూల ఆంగ్లరచనలో ఉన్నవి 224 పదాలు మాత్రమే. కాని ఆ కొద్దిపాటి మాటలలో వారాల పేర్లు, ఒకటి నుండి ఐదు వరకు అంకెలు, పండ్ల పేర్లు, ఒక ప్రాణి జీవితచక్రం ఇమిడి ఉన్నాయి. పండ్ల సంఖ్య పెరిగినకొద్దీ పుట వెడల్పు కూడా పెరుగుతుంది. ఒక ఆపిల్ గల పుట సన్నని చీలిక వలె, ఐదు నారింజల పుట దాదాపు పూర్తి వెడల్పుతో ఉంటుంది. ప్రతి పండులోను పురుగు తొలిచిన చోట నిజమైన రంధ్రం ఉంటుంది. రెండేళ్ళ పిల్లవాడు ఆ రంధ్రంలో వేలు పెట్టి అవతలి వైపుకు తీస్తాడు. చదవడం రాని పిల్లవానికి 'తొలిచి బయటకు వచ్చింది' అన్న మాట అర్థం ఈ విధంగా వేలి ద్వారానే తెలుస్తుంది.

వేర్వేరు వెడల్పులు, రంధ్రాలు గల పుస్తకాన్ని అందుబాటు ధరలో అచ్చువేయగల ముద్రణాలయం ఆ రోజులలో అమెరికాలో దొరకలేదు. బెనెడ్యూస్ ప్రయత్నించి జపాన్‌లో ఒక ముద్రణాలయాన్ని వెదకిపట్టింది. తొలి ముద్రణ అక్కడ జరిగింది. ఈ పుస్తకాన్ని కార్ల్ తన చెల్లెలికి అంకితం చేశాడు.

ఇంతటి ఆదరణకు కారణమేమని అడిగినవారికి, ఇది ఆశను కలిగించే పుస్తకమని ఈయన జవాబిచ్చేవాడు. అల్పమైన, అందవిహీనమైన ప్రాణి కూడా ఎదిగి రెక్కలు చాచగలదన్న నమ్మకం, తాను కూడా పెద్దవాడిని కాగలనా అని సందేహించే పసివానికి అవసరమని ఈయన అభిప్రాయం.

చిత్రరచనా విధానం

కార్ల్ వాడిన పద్ధతిని కొలాజ్ అంటారు. వేర్వేరు ముక్కలను ఒక అట్టపై అతికించి బొమ్మను నిర్మించడమే కొలాజ్. ఈయన వాడిన టిష్యూ కాగితం మన ప్రాంతంలో గాలిపటాలకు వాడే కాగితం వలె చాలా పలుచనైనది. ఈయన పని ఈ క్రింది క్రమంలో సాగేది.

1. తెల్లని టిష్యూ కాగితంపై ఆక్రిలిక్ రంగులు పూయడం. ఇందుకు కుంచెలతో పాటు స్పంజి, తివాచీ ముక్కలు, చేతివేళ్ళు కూడా వాడేవాడు. ఒక రంగుపై మరొక రంగుతో చారలు, చుక్కలు, అలలు తీర్చేవాడు.
2. ఆరిన కాగితాలను రంగుల వారీగా వేరుచేసి బల్ల సొరుగులలో భద్రపరచడం. ఎరుపులన్నీ ఒకచోట, పచ్చనివన్నీ మరొకచోట ఉండేవి.
3. వేయదలచిన బొమ్మ గీతలను పలుచని కాగితంపై గీసుకొని, దాని ఆధారంగా రంగుకాగితాలను పదునైన కత్తితో కోయడం.
4. ఆ ముక్కలను గోడకాగితాలు అంటించే బంకతో అట్టపై అతికించడం. కన్ను, మీసం వంటి చిన్న వివరాలను చివరలో రంగు పెన్సిలు, క్రేయానులతో తీర్చేవాడు.

తొలినాళ్ళలో దుకాణంలో దొరికే రంగు కాగితాలనే వాడేవాడు. అవి కాలక్రమేణా వెలసిపోవడం గమనించి, తానే రంగులు పూసుకోవడం ప్రారంభించాడు. పలుచని కాగితాలు ఒకదానిపై ఒకటి పడినచోట క్రొత్త వన్నె ఏర్పడుతుంది. ఈ పద్ధతిలో చేతిపని దాగదు. కత్తి పోయిన జాడ, కుంచె వెంట్రుకల చారలు చూపరులకు కనిపిస్తూనే ఉంటాయి. అందువలన ఈ బొమ్మలను చూసిన పిల్లలకు 'ఇది నేను కూడా చేయగలను' అనిపిస్తుంది. వారు నిజంగా చేసి పంపిన బొమ్మలు, ఉత్తరాలు ప్రతి సంవత్సరం వేల సంఖ్యలో ఈయనకు చేరేవి.

పుస్తకమే ఆటవస్తువు

పసిపిల్లలు పుస్తకాన్ని చదవడానికి ముందు పట్టుకుంటారు, త్రిప్పుతారు, నోట పెట్టుకుంటారు. ఆటవస్తువుకు, పుస్తకానికి నడుమ ఉన్న ఈ దశ కోసమే కార్ల్ తన పుస్తకాలను రూపొందించాడు. ఇల్లు అంటే స్పర్శ, ఆట, వెచ్చదనం. బడి అంటే అక్షరాలు, అంకెలు, క్రమశిక్షణ. ఈ రెండింటి మధ్య గల దూరం పిల్లవానికి చాలా పెద్దదని, పుట్టుక తరువాత మనిషికి కలిగే రెండవ పెద్ద కుదుపు ఇల్లు విడిచి బడికి వెళ్ళడమేనని ఈయన భావించాడు. తాకి ఆడుకోదగిన పుస్తకం ఆ దూరాన్ని దాటించే వంతెన కాగలదని ఈయన నమ్మకం.

ఈ దృష్టితో చేసిన ప్రయోగాలలో కొన్ని:

* ద గ్రౌచీ లేడీబగ్ (1977): చిరాకుపడే అక్షింతల పురుగు కథ. ఎదురైన ప్రతి జంతువును అది కయ్యానికి పిలుస్తుంది. గంట గంటకు ఎదురయ్యే జంతువు పెద్దదవుతుంది, దానితో పాటు పుట కూడా పెద్దదవుతుంది. పుట అంచున గల గడియారం వేళను చూపుతుంది.
* ద వెరీ బిజీ స్పైడర్ (1984): సాలీడు తీరిక లేకుండా గూడు అల్లుతుంది. సాలెపోగులు కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చయి ఉండుటచే, చూపులేని పిల్లలు కూడా గూడు పెరగడాన్ని వేలితో తెలుసుకోగలరు.
* పాపా, ప్లీజ్ గెట్ ద మూన్ ఫర్ మి (1986): చందమామను తెచ్చిపెట్టమని తండ్రిని అడిగే పాప కథ. పుటలు పైకి, ప్రక్కలకు మడతలు విప్పుకొని పొడవైన నిచ్చెనగా, పెద్ద చంద్రబింబంగా మారతాయి.
* ద వెరీ క్వైట్ క్రికెట్ (1990): పలకరించిన ఎవరికీ బదులు చెప్పలేని కీచురాయి కథ. చివరి పుట తెరవగానే కీచురాయి ధ్వని వినిపిస్తుంది.
* ద వెరీ లోన్లీ ఫైర్‌ఫ్లై (1995): ఒంటరి మిణుగురు తనవారిని వెదకుతుంది. చివరి పుటలో మిణుగురులు నిజంగానే మినుకుమినుకుమని వెలుగుతాయి.

ఈ హంగులు కేవలం ఆకర్షణ కోసం పెట్టినవి కావు. కీచురాయి పుస్తకమంతా మౌనంగా ఉంటేనే చివరి ధ్వనికి విలువ. మడత విప్పితేనే నిచ్చెన ఎంత పొడవో తెలుస్తుంది. ప్రతి హంగు కథలో ఒక వాక్యం చేయవలసిన పనిని చేస్తుంది.

రచయిత, చిత్రకారుడు ఒక్కరే అయినప్పుడు

బొమ్మల పుస్తకాలలో రెండు విధాలు ఉన్నాయి. ఒకరు కథ రాయగా మరొకరు బొమ్మలు వేయడం మొదటి విధం. రెండు పనులు ఒక్కరే చేయడం రెండవ విధం. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ (ద టేల్ ఆఫ్ పీటర్ రాబిట్, 1902), నెదర్లాండ్స్‌లో డిక్ బ్రూనా (మిఫీ, 1955), అమెరికాలో లియో లియోనీ (లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో, 1959), మారిస్ సెండాక్ (వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్, 1963) రెండవ కోవకు చెందినవారు. కార్ల్‌కు తొలి ఉద్యోగం దొరకడంలో సహాయపడిన లియోనీ తన మనుమలకు రైలు ప్రయాణంలో చించిన రంగు కాగితపు ముక్కలతో చెప్పిన కథే తరువాత పుస్తకమయింది.

ఒక్కరే రెండు పనులు చేసినప్పుడు కలిగే ముఖ్య లాభం, మాటలను విడిచిపెట్టగల స్వేచ్ఛ. బొమ్మ చెప్పగలిగినదాన్ని మాట మరల చెప్పనక్కరలేదు. గొంగళిపురుగు రోజురోజుకు లావవుతున్నదని కార్ల్ ప్రతి పుటలో రాయలేదు. పెరిగే పుటలు, పండ్ల వరుస ఆ పని చేస్తాయి. శనివారపు పదార్థాల వరుసను మాత్రం మాటలలో ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎందుకనగా పెద్దలు గ్రుక్క తిప్పుకోకుండా ఆ పట్టికను చదివితేనే పిల్లలకు నవ్వు వస్తుంది. ఏది కంటికి వదలాలి, ఏది చెవికి ఇవ్వాలి, ఏది వేలికి అప్పగించాలి అన్న నిర్ణయం ఒక్క మనసులో జరగడం వలననే ఈ పొందిక సాధ్యమయింది. బడి ఈడు రాని పిల్లల పుస్తకానికి ఎప్పుడూ ఇద్దరు పాఠకులుంటారు. చదివేవారు పెద్దలు, చూసేవారు పిల్లలు. ఇద్దరికీ చెరొక పని కల్పించడంలో కార్ల్ సిద్ధహస్తుడు.

విమర్శలు, అపోహలు

సీతాకోకచిలుక పట్టుగూటి నుండి వెలువడినట్లు చెప్పడం శాస్త్రవిరుద్ధమని కొందరు ఉపాధ్యాయులు ఆక్షేపించారు. పట్టుపురుగు వంటి చిమ్మెట జాతి కీటకాలు దారంతో గూడు అల్లుకుంటాయి. దీనినే మనం పట్టుకాయ అంటాము. సీతాకోకచిలుకల గొంగళిపురుగులు సాధారణంగా అటువంటి గూడు అల్లుకోక, గట్టి పెంకు వంటి కవచం గల ప్యూపాగా మారతాయి. ఈ విషయంపై కార్ల్ రెండు సమాధానాలు చెప్పాడు. మొదటిది, పర్నాసియస్ అనే ప్రజాతికి చెందిన సీతాకోకచిలుకలు గూడు అల్లుకుంటాయి. పర్వతప్రాంతాలలో జీవించే ఈ ప్రజాతి హిమాలయాలలోను కనిపిస్తుంది. రెండవది, బిడియస్తుడైన తనను చిన్నతనంలో తండ్రి 'గూటి నుండి బయటకు రా' అని పిలిచేవాడని, అందుచేత తన కథలో గూడు ఉండితీరాలని.

మరొక అపోహ ఈయన మరణానంతరం బాగా వ్యాపించింది. గొంగళిపురుగుకు కడుపునొప్పి వచ్చే ఘట్టం కార్ల్‌కు ఇష్టం లేదని, ప్రచురణకర్త బలవంతం మీద చేర్చాడని తెలిపే సంభాషణ ఒకటి 2021 మే నెలలో అంతర్జాలంలో విస్తృతంగా ప్రచారమైంది. కొన్ని పత్రికలు కూడా దానిని ఉదహరించాయి. వాస్తవానికి అది 2015లో పారిస్ రివ్యూ పత్రిక ఏప్రిల్ ఫూల్ హాస్యంగా ప్రకటించిన కల్పిత సంభాషణ. అసలు విషయం తెలిసిన తరువాత ఆ పత్రికలు సవరణలు ప్రకటించాయి.

మ్యూజియం స్థాపన

జపాన్ పర్యటనలలో అక్కడి బొమ్మల పుస్తకాల మ్యూజియంలను చూసి కార్ల్, ఆయన రెండవ భార్య బార్బరా ప్రభావితులయ్యారు. పిల్లల పుస్తకాలలోని బొమ్మలను కూడా ఇతర చిత్రకళతో సమానంగా గౌరవించాలన్న ఆశయంతో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్ పట్టణంలో 'ఎరిక్ కార్ల్ మ్యూజియం ఆఫ్ పిక్చర్ బుక్ ఆర్ట్'ను స్థాపించారు. ఇది 2002 నవంబరులో ప్రారంభమైంది. కార్ల్ చిత్రాలతో పాటు వివిధ దేశాల చిత్రకారుల మూలచిత్రాలను ఇక్కడ ప్రదర్శిస్తారు. పిల్లలు స్వయంగా బొమ్మలు చేసుకోవడానికి కళాశాల, చదువుకోవడానికి గ్రంథాలయం కూడా ఇందులో ఉన్నాయి. బార్బరా 2015లో మరణించింది.

గౌరవాలు, విశేషాలు

* అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు అత్యున్నతమైనదిగా భావించే కాల్డెకాట్ పతకం కార్ల్‌కు ఎన్నడూ లభించలేదు.
* బాలసాహిత్యానికి చేసిన సేవకు గుర్తింపుగా 2003లో అమెరికా గ్రంథాలయ సంఘం వారి లారా ఇంగాల్స్ వైల్డర్ పతకం లభించింది. ఈ పురస్కారం పేరును 2018లో బాలసాహిత్య వారసత్వ పురస్కారంగా మార్చారు.
* 2009 మార్చి 20న గొంగళిపురుగు పుస్తకం 40వ వార్షికోత్సవ సందర్భంగా గూగుల్ తన మొదటి పుటలో సంస్థ పేరును కార్ల్ శైలిలో ప్రదర్శించింది.
* 2010 హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారానికి అమెరికా తరఫున ఈయన పేరు ప్రతిపాదించబడింది.
* హాంగ్‌కాంగ్‌లో కనుగొన్న, గొంగళిపురుగును పోలి ఉండే ఒక సాలీడుకు 2019లో శాస్త్రవేత్తలు ఈయన పేరుమీదుగా యురోబాలస్ కార్లీ అని పేరు పెట్టారు.
* 2019లో ఈయన రచనల హక్కులను పెంగ్విన్ రాండమ్ హౌస్ సంస్థ పొందింది.

మరణం

ఎరిక్ కార్ల్ 2021 మే 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్తాంప్టన్‌లో 91 ఏళ్ళ వయసులో మరణించాడు.

ముఖ్య రచనలు

* 1, 2, 3 టు ది జూ (1968)
* ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్ (1969)
* ద టైనీ సీడ్ (1970) - చిన్ని విత్తనం ప్రయాణం
* డు యు వాంట్ టు బి మై ఫ్రెండ్? (1971) - స్నేహితుని వెదకే ఎలుక, దాదాపు మాటలు లేని పుస్తకం
* ద మిక్స్‌డ్-అప్ కమీలియన్ (1975) - ఇతర జంతువుల వలె కావాలని ఆశపడే ఊసరవెల్లి
* ద గ్రౌచీ లేడీబగ్ (1977)
* ద వెరీ బిజీ స్పైడర్ (1984)
* పాపా, ప్లీజ్ గెట్ ద మూన్ ఫర్ మి (1986)
* ఎ హౌస్ ఫర్ హెర్మిట్ క్రాబ్ (1987) - పాత గుల్ల ఇరుకై క్రొత్త ఇంటికి మారే సన్యాసి పీత
* ద వెరీ క్వైట్ క్రికెట్ (1990)
* ద వెరీ లోన్లీ ఫైర్‌ఫ్లై (1995)
* ఫ్రమ్ హెడ్ టు టో (1997) - జంతువులను అనుకరిస్తూ చేసే వ్యాయామం
* ద వెరీ క్లమ్సీ క్లిక్ బీటిల్ (1999) - వెల్లకిలా పడి లేవడం నేర్చుకునే పెంకుపురుగు
* మిస్టర్ సీహార్స్ (2004) - గ్రుడ్లను మోసే తండ్రి సముద్రగుర్రం
* ది ఆర్టిస్ట్ హూ పెయింటెడ్ ఎ బ్లూ హార్స్ (2011)
* ఫ్రెండ్స్ (2013) - దూరమైన బాల్యస్నేహితురాలిని వెదకుతూ వెళ్ళే బాలుడు